వేడిమి తెరచు పెట్టె

రోగమునకు మందు కనుగొనుట ఒక యెత్తు. ఆ మందును రోగమున్న చోటికే చేర్చుట మఱియొక యెత్తు. క్యాన్సరు చికిత్సలో ఈ రెండవ పని మిక్కిలి కష్టమైనది.

శరీరమందలి జీవకణములు ఒక కట్టుబాటునకు లోబడి పెరుగును. కొన్ని కణములు ఆ కట్టుబాటు తప్పి, మితిమీరి పెరిగి, ఇరుగుపొరుగు భాగములను ఆక్రమించుటయే క్యాన్సరు. పూర్వులు రాచపుండు అని పిలిచినది ఈ వ్యాధినే. డాక్సోరూబిసిన్ అను ఎఱ్ఱని మందు ఇట్టి కణములను చంపును. కాని నరములోనికి ఎక్కించిన మందు నెత్తురుతోపాటు శరీరమంతటను తిరుగును. దానికి శత్రుమిత్రభేదము తెలియదు. అందుచే రోగికి జుట్టు రాలును, వాంతులగును, రక్తకణములు తగ్గును, మోతాదు మించినచో గుండె బలహీనమగును. కలుపును చంపబోయి పైరును చంపినట్లగును. మోతాదు తగ్గించినచో వ్యాధి లొంగకపోవచ్చును. ఇదియే వైద్యునకు కలుగు చిక్కు.

మందును పెట్టెలో పెట్టి పంపినచో ఈ చిక్కు కొంత తీరును. అట్టి పెట్టెకు మూలమైన సంగతిని 1965లో ఇంగ్లండు దేశమున, కేంబ్రిడ్జి సమీపమందలి బాబ్రహాములో పనిచేయుచుండిన అలెక్ బ్యాంగ్‌హామ్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును ప్రకటించిరి. ఫాస్ఫోలిపిడ్లు అను కొవ్వుజాతి పదార్థములను నీటిలో కలిపినపుడు అవి తమంతట తామే సూక్ష్మమైన బుడగలుగా ఏర్పడును. వీనికి లిపోసోములని పేరు. వీనిలో మందును నింపవచ్చును. చికిత్సకు వాడు బుడగ అడ్డుకొలత మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు మాత్రమే.

పెట్టె సిద్ధమైనది, కాని అది తగినచోటనే తెరచుకొనుట ఎట్లు? 1978లో అమెరికాలో మిల్టన్ యాట్విన్ మొదలగువారు దీనికి వేడిమిని సాధనముగా సూచించిరి. చలికాలమున పేరుకొనిన నెయ్యి కొంచెము వెచ్చచేయగనే కరగుట అందరును ఎఱిగినదే. అట్లే ఈ బుడగల గోడ దేహమునకు సహజమైన 37 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమియందు గట్టిగా నుండును. 40 డిగ్రీల ప్రాంతమున సడలి మందును విడుచును. 2000లో డ్యూక్ విశ్వవిద్యాలయమున డేవిడ్ నీధామ్ బృందమువారు మందును మిక్కిలి త్వరగా విడుచు బుడగలను వర్ణించిరి. కావున వ్యాధిగ్రస్తమైన భాగమును మాత్రము వెచ్చచేసినచో మందు అచ్చటనే వెలువడును. ఆ వెచ్చదనమువలన అచ్చటి రక్తప్రసారమును హెచ్చును.

శరీరము లోపలి భాగమును వెచ్చచేయుట ఎట్లు? భూతద్దము సూర్యకిరణములను ఒకచోట చేర్చునట్లు, చెవికి వినబడని ధ్వనితరంగములను చర్మము పైనుండి ఒకచోటికి కేంద్రీకరింపవచ్చును. ఆక్స్‌ఫర్డు పరిశోధకులు కాలేయమున క్యాన్సరు గడ్డలు గల 10 మంది రోగులపై ఈ పద్ధతిని పరీక్షించి, ఫలితములను 2018లో ప్రకటించిరి. వేడిమి యిచ్చిన పిమ్మట గడ్డలోని మందు సగటున 3.7 రెట్లు హెచ్చెను.

ఇది శుభవార్తయే. కాని కథ ఇంతటితో ముగియలేదు. కాలేయపు గడ్డను సూదిద్వారా పంపిన వేడిమితో కాల్చుచు ఇట్టి బుడగలను కూడ ఇచ్చిన పెద్ద పరీక్ష ఒకటి అంతకుముందే జరిగెను. అందు 701 మంది రోగులు పాల్గొనిరి. బుడగల మందు చేర్చినందువలన వ్యాధి మరల పెరుగుట గణనీయముగా ఆలస్యము కాలేదని 2013లో తేలెను. వేడిమి నిచ్చు కాలము చాలలేదేమోనని తలచి, కనీసము 45 నిమిషములు వేడిమి నిచ్చుచు మఱియొక పరీక్ష జరిపిరి. 2020లో అదియును ఆశించిన ఫలము నీయదని తోచెను.

మందు గమ్యము చేరుట ఒక రుజువు. రోగి ఆయువు పెరుగుట వేఱొక రుజువు. మొదటిదానిని చూచి రెండవదియు సిద్ధించినదని చెప్పుట శాస్త్రము కాదు. ఆశాభంగము కలిగించు ఫలితమునుగూడ దాచక వెల్లడించుటయే శాస్త్రమునకు శోభ. రాబోవు రోగికి అదియే రక్ష.