పెట్రోలు వాసన – జాగ్రత్తలు

బండి బాగుచెయ్యడానికి పక్కింటివాళ్ల షెడ్డు అడిగి తీసుకుంటారు. టాంకు విప్పగానే షెడ్డంతా పెట్రోలు వాసన. ఎందుకని?

పెట్రోలు మూత లేకుండా ఉంటే ఆవిరైపోతుంది. ఆ ఆవిరి కంటికి కనపడదు. గాలికన్నా బరువు. అందుకే నేలబారున పాకుతుంది. పక్కనున్న పొయ్యిదాకా పోగలదు. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. స్విచ్చి వేస్తే వచ్చే చిన్న రవ్వ చాలు. ఎక్కువసేపు పీలిస్తే తలనొప్పి వస్తుంది, కళ్లు తిరుగుతాయి.

వాసన పోవాలని కొందరు అగరుబత్తి వెలిగిస్తారు. అదీ నిప్పే కదా!

ఏం చెయ్యాలి?

ముందే పొయ్యి ఆర్పాలి. తలుపులు బార్లా తెరవాలి. బీడీ కాల్చనివ్వకూడదు. తీసిన పెట్రోలు పళ్లెంలో వదలకూడదు. మూత గట్టిగా ఉన్న పెట్రోలు డబ్బాలోనే పొయ్యాలి. ఒలికితే ఇసుక చల్లి, ఎత్తి బయట వెయ్యాలి. తడిసిన గుడ్డలు ఆరుబయట, నిప్పుకు దూరంగా ఆరెయ్యాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

వాసన పూర్తిగా పోయాకే పొయ్యి వెలిగించాలి.