పోస్టు దానంతటదే... మరి జవాబు?

జనవరి వచ్చిందంటే ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు పనుల జోరు. తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, బస్తాలెత్తడం... వేసవి దాకా ఎవర్ని కదిపినా ‘నడుము పట్టేసింది’ అనే మాటే! నడుము నొప్పికి వైద్యం చేసేవాళ్లు జనం కంట పడాల్సింది సరిగ్గా అప్పుడే. కానీ వాళ్లకూ అప్పుడే తీరికుండదు.

అందుకే పోస్టులు ముందే సిద్ధం చేసిపెట్టుకోవాలి. 1895లో అమెరికాలో డి.డి.పామర్ మొదలుపెట్టిన కైరోప్రాక్టిక్ కావచ్చు, మనకు తెలిసిన ఫిజియోథెరపీ కావచ్చు... ఒక ఆదివారం మెటా బిజినెస్ సూట్‌ తెరిచి కూర్చుంటే రెండు వారాల ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులకు తేదీ, టైమ్ పెట్టేయొచ్చు. పైసా ఖర్చు లేదు.

ఏం పెట్టాలి? వెన్నెముక ‘టక్’మనే వీడియోలకు లైకులు బాగానే వస్తాయి. కానీ హమాలీకి పనికొచ్చేది వేరు: బస్తా ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచాలని, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవాలని చూపే అర నిమిషం వీడియో. ‘ఒక్క సిట్టింగ్‌లో నొప్పి మాయం’ లాంటి మాటలొద్దు. మెడను గట్టిగా తిప్పినప్పుడు, అరుదుగానైనా, రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన కేసులున్నాయి.

అసలు చిక్కు మెసేజ్‌ల దగ్గర. ‘కాళ్లు తిమ్మిరెక్కుతున్నయ్, మూత్రం ఆగుతలేదు’ అని రాత్రిపూట ఎవరైనా రాస్తే, ‘థాంక్యూ, అపాయింట్‌మెంట్ బుక్ చేసుకోండి’ అని ఫోను దానంతటదే బదులిస్తే ఎలా? అవి వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాల్సిన లక్షణాలు. ఆలస్యమైతే కాళ్లు చచ్చుబడొచ్చు. ఆటో రిప్లైలోనే ఆ హెచ్చరిక రాసిపెట్టండి. రోజుకు రెండుసార్లైనా మెసేజ్‌లు స్వయంగా చూడండి. ఊళ్లో ఏదైనా విషాదం జరిగితే, ఆ రోజు వెళ్లాల్సిన ఆఫర్ పోస్టును ఆపేయండి.