రేరింగ్ షెడ్డు గోడకు లప్పం పెట్టే ముందు ఒకసారి తట్టి చూడండి



గూళ్లు దింపి, షెడ్డు ఖాళీ అయిన వాళ్లు ఈ వారం గోడల సంగతి చూడండి. పెచ్చులూడిన గోడ చూడ్డానికి బాగుండదు, అది చిన్న విషయం. దాని సందుల్లో ఉన్న రోగం మందు కొట్టినా చావదు, అది పెద్ద విషయం.

షోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర మా చిన్నాయన వాళ్లది మగ్గాల ఇల్లు. తాతల కాలంలో తెలంగాణ నుంచి బతుకుదెరువుకు పోయిన పద్మశాలీ కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ముందు గదిలో రెండు మరమగ్గాలు, వెనక వంటిల్లు. మగ్గాలు ఆడుతుంటే ఇల్లంతా అదురుతుంది. స్లాబు కింద పూత రాలుతుంటే చిన్నాయన రెండేళ్లు వరుసగా పండక్కి ముందు లప్పం పెట్టించి, రంగు వేయించాడు. మూడో ఏడు వానాకాలంలో చాటంత పెచ్చు రాత్రిపూట ఊడి మగ్గం మీద పడింది. ఆ టైముకు మగ్గం దగ్గర ఎవరూ లేరు గనుక సరిపోయింది. పడుగు మాత్రం తెగిపోయింది.

ఆ వాడలోనే ఉండే ముసలి మేస్త్రీని పిలిపించారు. ఆయన వచ్చీ రాగానే పని మొదలు పెట్టలేదు. తాపీ పిడితో స్లాబు, గోడలు తట్టుకుంటూ పోయాడు. కొన్నిచోట్ల గట్టిగా టక్ మంది, కొన్నిచోట్ల ఖాళీ కుండలాగా మోగింది. మోగిన చోటల్లా బొగ్గుతో గీత గీశాడు. "లోపల పట్టు ఇడిచింది బిడ్డా. దాని మీద ఏం పూసినా దాంతోనే ఊడొస్తది" అన్నాడు.

మా షెడ్డులో ఉత్తరం గోడ కూడా అట్లాగే ఉండేది. కిందటి వానాకాలం పంటలో నాలుగో జ్వరం దాటాక ఆ గోడ పక్క ర్యాకుల్లోనే సున్నపుకట్టు రోగం ముందు కనిపించింది. గోడ ఒక్కటే కారణమని చెప్పను, ఆ వారం తేమ కూడా ఎక్కువే. కానీ ఆ గోడ సందుల్లోకి మందు పోయే వీలు లేదు.

బీటల్లో ఏముంటుంది?

సున్నపుకట్టు బూజు, పెబ్రిన్, పాల రోగం, వీటి క్రిములు దుమ్ములో కలిసి పగుళ్లలో చేరతాయి. మనం కొట్టే మందు నీళ్లు నున్నటి గోడను పూర్తిగా తడుపుతాయి. గుల్లబారిన పూత వెనక్కి సరిగ్గా చేరవు. ఊజీ ఈగ పురుగు గూటిలోంచి బయటికొచ్చి ప్యూపా కావడానికి వెతుక్కునేది కూడా ఇలాంటి చీకటి సందులనే.

పని వరుస

1. ముందు చెమ్మ ఎక్కడిదో తేల్చండి. స్లాబు మీద నీళ్లు నిలుస్తున్నాయా, పైపు కారుతోందా, గోడ అడుగు నుంచి తడి ఎక్కుతోందా చూడండి. తడి ఆగకుండా ఎంత మంచి పూత వేసినా మళ్లీ ఉప్పు పూస్తుంది, పొంగుతుంది.

2. గోడంతా తట్టి, గుల్లగా మోగిన పూతను ఇటుక కనిపించేదాకా తీసెయ్యండి. అంచులు నిటారుగా కొట్టించండి. పలచగా వదిలిన అంచు మళ్లీ లేస్తుంది.

3. నల్లరేగడి నేల ఎండకు బీటలిచ్చి వానకు ఉబ్బుతుంది, దాంతో గోడ కదులుతుంది. వెంట్రుకంత బీటకు పూత చాలు. గోడ ఈ పక్క నుంచి ఆ పక్కకు కనిపించే బీటకు, ఏటా వెడల్పు అయ్యే బీటకు పూత పనికిరాదు. పునాది చూడాలి, ఇంజనీరును అడగండి.

4. స్లాబు ఊచలు తుప్పు పట్టి బయట పడితే తుప్పంతా గీకించి, తుప్పు నిరోధక పూత వేయించాకే పైపని. మనం వాడే బ్లీచింగ్ క్లోరిన్ ఇనుమును ఇంకా తొందరగా తింటుంది.

5. దుమ్ము కడిగి, గోడను తడిపి, సిమెంటు పాలు రాసి, అవి ఆరకముందే పూత వెయ్యాలి. లోపలి గోడకు 1 పాలు సిమెంటు, 6 పాలు ఇసుక, 12 మిల్లీమీటర్ల మందం. స్లాబు కింద 1కి 4, 6 మిల్లీమీటర్లు చాలు. ముందు స్లాబు, తర్వాత గోడలు. ఇటుక గోడ, కాంక్రీటు కలిసే చోట కోళ్ల జాలీ కొట్టించండి. కలిపిన మాలు అరగంటలో అయిపోవాలి. గట్టిపడ్డాక నీళ్లు పోసి మళ్లీ కలిపితే ఒప్పుకోకండి.

6. మరునాటి నుంచి 7 రోజులు ఆరకుండా నీళ్లు కొట్టాలి. ఎండాకాలం ఈ పని మేస్త్రీ మీద వదిలెయ్యొద్దు, మనమే చూసుకోవాలి.

లప్పం సంగతి

పాత పూత గట్టిగా ఉండి పైన గరుకుగా మాత్రమే ఉంటే లప్పం ఒక్కటే సరిపోతుంది. సిమెంటు లప్పమే పెట్టించండి. జిప్సం, పీఓపీ ఇంటి హాలుకు బాగుంటాయి గానీ ప్రతి పంటకూ నీళ్లతో కడిగే షెడ్డులో మెత్తబడిపోతాయి. లూజు సున్నం, పాత రంగు గీకి, గోడ తడిపి, పలచగా రెండు పూతలు వెయ్యాలి. రెండూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు దాటొద్దు. గుంటలను లప్పంతో నింపొద్దు, మాలుతో నింపాలి.

జాగ్రత్త

మేస్త్రీ మంచి మనసుతోనే "చెదల మందు కలుపుదామా" అని అడుగుతాడు. షెడ్డులో వద్దు. చెదలను చంపేది పట్టుపురుగును కూడా చంపుతుంది. పురుగుల మందు కలిపిన రంగులు, వాసన కొట్టే ఆయిల్ పెయింట్లు కూడా వద్దు. పైన సున్నం వేస్తే చాలు.

కొత్త పూత పూర్తిగా ఆరడానికి నీళ్లు ఆపాక కనీసం మూడు వారాలు పడుతుంది. పచ్చి గోడల మధ్య పురుగు పెడితే తేమ పెరిగి మళ్లీ సున్నపుకట్టుకే దారి. అందుకే గుడ్లకు ఆర్డరు ఇచ్చే ముందే ఈ లెక్క చూసుకోండి, అవసరమైతే ఒక పంట ఆపండి. నేను ఆపాను. ఆ నెల ఇబ్బంది పడ్డాం, కానీ గోడ పచ్చిగా ఉండగా పంట పెట్టి పోగొట్టుకునే కంటే అదే నయం అనిపించింది.

ఆరాక ఎప్పటిలాగే శుద్ధి చెయ్యండి. 100 లీటర్ల నీటికి 2 కిలోల బ్లీచింగ్ పౌడరు, 300 గ్రాముల తడిపి పొడి చేసిన సున్నం. ముక్కుకు గుడ్డ, కళ్లకు అద్దాలు మరవొద్దు.

ఈ రోజు సాయంత్రం ఒక పావుగంట తీసుకుని షెడ్డు గోడలు తట్టి చూడండి. గుల్లగా మోగిన చోట బొగ్గుతో గీసి, ఫొటో గ్రూపులో పెట్టండి. ఎంతవరకు తీయాలో అందరం కలిసి చూద్దాం.