మీకు తెలుసా? మన నీళ్లకూ పాస్‌వర్డ్ కావాలి!

● కృష్ణా డెల్టాలో దాదాపు 13 లక్షల ఎకరాలకు నీళ్లిచ్చేది విజయవాడ ప్రకాశం బ్యారేజీ. 2024 సెప్టెంబరు 2న దీని 70 గేట్ల గుండా 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు వెళ్లింది. అలాంటప్పుడు ఎగువ నుంచి ఎంత నీరొస్తోందో ముందే తెలిస్తేనే లంక గ్రామాలను ఖాళీ చేయించడానికి వ్యవధి దొరుకుతుంది. ఇప్పుడు జలాశయాల మట్టాలు, వర్షపాతం, భూగర్భ జలాల లోతు జలవనరుల శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు.

● నీళ్ల సరఫరా ఆపేశాక గొట్టాల్లో పీడనం పడిపోతుంది. ఎక్కడైనా పగులుంటే పక్కనున్న మురుగు లోపలికి చేరుతుంది. మళ్లీ నీళ్లు వదలగానే అదే మన బిందెలోకి వస్తుంది. పీడనం కొలిచే సెన్సర్ ఉంటే లీకు ఎక్కడుందో త్వరగా పట్టుకోవచ్చు, ఆ వీధి వాల్వు కట్టేయొచ్చు.

● పంపులు, వాల్వులు, గేట్లను కంట్రోల్ రూమ్‌లోని కంప్యూటర్ నుంచే నడిపే ఏర్పాటు పేరు స్కాడా. 2000లో ఆస్ట్రేలియాలోని మరూచీ షైర్‌లో ఉద్యోగం దక్కలేదన్న కక్షతో ఒకడు ల్యాప్‌టాప్, రేడియోలతో ఇలాంటి వ్యవస్థలోకి చొరబడ్డాడు. దాదాపు 8 లక్షల లీటర్ల మురుగును పార్కుల్లోకి, వాగుల్లోకి వదిలేశాడు. జైలుపాలయ్యాడు.

● 2023 నవంబరులో అమెరికాలోని అలిక్విప్పా ఊరి నీటి సంస్థలో పీడనాన్ని నియంత్రించే కంట్రోలర్‌ను హ్యాకర్లు చేజిక్కించుకున్నారు. ఆ రకం కంట్రోలర్లకు కంపెనీ పెట్టి ఇచ్చే పాస్‌వర్డ్ 1111! సిబ్బంది వెంటనే పంపులను చేత్తో నడిపారు కాబట్టి నీళ్లు ఆగలేదు.

● మన దేశంలో సైబర్ దాడిని గుర్తించిన 6 గంటల్లోపు కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 నుంచి నిబంధన ఉంది.

డెల్టాకు సెన్సర్లు రావాల్సిందే. శివారు ఆయకట్టుకు నిజంగా ఎన్ని నీళ్లు చేరాయో అవే తేలుస్తాయి. అయితే కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చాలి. గేట్లు నడిపే కంప్యూటర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు కలపకూడదు. కరెంటు పోయినా, కంప్యూటర్ మొరాయించినా లాకుల దగ్గర చేత్తో తలుపులెత్తగల లస్కర్లను వదులుకోకూడదు. ఈ మూడూ జరుగుతున్నాయా అని మీ నీటి సంఘాన్ని, మీ కార్పొరేటర్‌ను తప్పక అడగండి.