తరిమెనకు దారి చూపు దిమ్మ

కన్నడమున ఆలె మరమనునదియు, తెలుగున అంకుడనునదియు ఒకే చెట్టు. చన్నపట్నపు బొమ్మలును, ఏటికొప్పాక బొమ్మలును ప్రధానముగా ఆ మెత్తని కఱ్ఱతోనే తరిమెనపై రూపొందుచున్నవి. గుండ్రముగా చెక్కుట అభ్యాసమున అలవడును. చిక్కంతయు చుట్టును బెజ్జములు వేయుటలో నున్నది. బొమ్మబండి చక్రమునకు ఎనిమిది ఆకులు దిగవేయవలెనన్న, ఒక్క బెజ్జము ఓరగా పోయినను చక్రము పాడగును. చేతిబరమాకు నడిమధ్యము తెలియదు గదా! దానికి దారి చూపుటకు ఒక కఱ్ఱదిమ్మ చాలును.

దిమ్మను తరిమెన పీఠముపై కదలక నిలుచునట్లు చదును చేయుడు. బెజ్జపు ఎత్తును కొలబద్దతో కొలువ నక్కఱలేదు, తరిమెననే కొలువనిండు. బరమా ములికిని తిరుగు ఇరుసునకు బిగించి, దిమ్మను పీఠము వెంబడి మెల్లగా దానిపైకి నెట్టినచో, పడిన బెజ్జము సరిగా ఇరుసు ఎత్తుననే యుండును. ఇంతకన్న మేలైన ఉపాయము మాకు తోచలేదు. ఈ పని మాత్రము పెద్దలే చేయవలెనని తల్లిదండ్రులకు మనవి.

పిదప ములికిని తీసి, చక్రమును బిగించి, విద్యుత్తు తీసివేసి, దిమ్మను అడ్డముగా త్రిప్పి, మూలమట్టముతో సరిచూచి, చక్రపు అంచున కెదురుగా బిగింపుడు. అందు దూర్చిన చేతిబరమా నడిమధ్యమునకే పోవును. ఎనిమిది పాళ్లకు చక్రపు చుట్టుకొలత గల కాగితపు పట్టీని మూడుమార్లు సగమునకు మడచి, విప్పి అంచున అంటించిన మడతలే గుర్తులగును. ఒక్కొక్క గుర్తు దిమ్మ బెజ్జమున కెదురు వచ్చినపుడు ఇరుసు కదలకుండ చీల బిగింపవలెను. వాడగా బెజ్జము వదులైనచో ఇనుపగొట్టపు ముక్కను దూర్పవచ్చును.