పెడళ్లు లేని సైకిల్‌కు రెండు జన్మలు

1817 జూన్ 12. జర్మన్ సీమలోని మన్‌హైమ్ పట్టణంలో కార్ల్ డ్రైస్ అనే అటవీ అధికారి ఒక వింత బండిని వీధిలోకి తెచ్చాడు. ఒకదాని వెనక ఒకటిగా రెండు కొయ్య చక్రాలు, వాటిని కలుపుతూ ఒక దూలం, దాని మీద మెత్తని పీట, ముందు చక్రాన్ని అటూ ఇటూ తిప్పడానికి ఒక పిడి. అంతే. పెడళ్లు లేవు, గొలుసు లేదు. చెరో పక్క కాలు వేసుకుని కూర్చుని, పాదాలతో నేలను వెనక్కి నెడుతూ ఆయన ముందుకు సాగాడు. ష్వెట్జింగెన్ వెళ్లే దారిలో ఒక మజిలీ దాకా వెళ్లి తిరిగొచ్చాడు. రానూపోనూ సుమారు 14 కిలోమీటర్లు. గంట కూడా పట్టలేదు.

రెండు వందల ఏళ్ల తర్వాత, సాయంత్రం పూట ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగినా అదే బండి కనిపిస్తుంది. పన్నెండు అంగుళాల చక్రాలు, పొట్టి సీటు, పెడళ్లు ఉండవు. రెండున్నరేళ్ల పాప దాని మీద కూర్చుని టపటపా అడుగులేస్తుంది. నాలుగు అడుగులు పడ్డాక రెండు కాళ్లూ గాల్లోకి లేపి కిలకిలా నవ్వుతుంది. బ్యాలెన్స్ బైక్ అని మనం కొనేది డ్రైస్ బండినే. పెద్దలు పనికిరాదని వదిలేసిన యంత్రం పిల్లల దగ్గర మళ్లీ పుట్టింది. పిల్లలకు ఏ బండి కొనాలని తలపట్టుకునే తల్లిదండ్రులకు దాని కథలోనే జవాబు ఉంది.

మొదటి జన్మ

1815లో ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ బూడిద, ఆ పొగమంచు ఆకాశాన్ని కమ్మడంతో 1816లో యూరప్‌కు వేసవే రాలేదు. పంటలు పోయాయి. గుర్రాల దాణా ధర కొండెక్కింది. గుర్రం అక్కర్లేని బండి ఆలోచన డ్రైస్‌కు ఆ కరువులోనే వచ్చి ఉంటుందని కొందరు చరిత్రకారుల ఊహ. బండి బరువు దాదాపు 22 కిలోలు. దానికి ఆయన పెట్టిన పేరుకు అర్థం ‘పరుగు యంత్రం’.

ఇంగ్లండులో షోకిలా కుర్రాళ్లు దీన్ని ఎగబడి కొన్నారు. కానీ అప్పటి రోడ్లన్నీ గుర్రపుబండ్లు తొక్కిన గాడులే. వాటిలో చక్రం నిలవక కుర్రాళ్లు కాలిబాటల మీదికి ఎక్కారు. నడిచేవాళ్లు లబోదిబోమన్నారు. ఊరు తర్వాత ఊరు నిషేధాలు పెట్టింది. మన కలకత్తా కూడా ఆ జాబితాలో ఉంది. కొన్నేళ్లకే మోజు తీరిపోయింది. ఆ తర్వాతి కాలంలో జర్మన్ సీమలో వచ్చిన ప్రజావిప్లవం పక్షాన డ్రైస్ నిలిచి తన ప్రభు బిరుదును వదులుకున్నాడు. 1851లో పేదవాడిగా కన్నుమూశాడు.

ఆయన కనిపెట్టిన అసలు విషయం మాత్రం చావలేదు. అంతకుముందు బండి అంటే పక్కపక్కన చక్రాలు ఉండాల్సిందే. ఒకే వరసలో రెండు చక్రాలున్నా, బండి కదులుతూ ఉంటే, ముందు చక్రం తిరుగుతూ ఉంటే మనిషి పడిపోకుండా వెళ్లగలడని ఆయన తొక్కి చూపించాడు. పెడల్ కంటే పెద్ద ఆవిష్కరణ ఇది.

పడకపోవడంలోని కిటుకు

చిన్నప్పుడు అరచేతిలో కర్రను నిలబెట్టే ఆట ఆడే ఉంటారు. కర్ర ఎటు ఒరిగితే చేతిని అటే జరుపుతాం. అలా చెయ్యి మళ్లీ కర్ర బరువు కిందికి చేరుతుంది. సైకిల్ మీద జరిగేదీ ఇదే. బండి కుడికి ఒరిగితే హ్యాండిల్ కుడికే తిప్పాలి. చక్రాలు అటు జరిగి, ఒరిగిన బరువు కిందికి వచ్చి నిలుస్తాయి. భయపడిన కొత్తవాడు కుడికి పడుతూ ఎడమకు లాగుతాడు. అందుకే దభీమని పడతాడు.

తిరిగే బొంగరం నిలబడినట్టే తిరిగే చక్రం సైకిల్‌ను నిలబెడుతుందని చాలా పుస్తకాలు రాశాయి. ఆ మాట నిజమో కాదో తేల్చాలనుకున్నాడు బ్రిటిష్ శాస్త్రవేత్త డేవిడ్ జోన్స్. నేలకు తగలకుండా, ఎదురు దిశలో తిరిగే మరో చక్రాన్ని సైకిల్‌కు బిగించి బొంగరం ప్రభావాన్ని రద్దు చేశాడు. అయినా సైకిల్ తొక్కగలిగాడు. ఆ సంగతి 1970లో రాశాడు. 2011లో అమెరికా, నెదర్లాండ్స్ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేశారు. బొంగరం ప్రభావంతో పాటు సైకిల్‌ను నిలబెడుతుందని పేరుపడ్డ ఇంకో కారణాన్నీ తీసేసి ఒక బుల్లి బండి తయారుచేశారు. తోసి వదిలితే అది తనంతట తానే నిలబడి వెళ్లింది. బరువు పంపకం సరిగ్గా కుదిరితే, ఒరిగిన వైపుకు హ్యాండిల్ దానంతటదే తిరుగుతుంది. మొత్తం విద్య ఒక్క వాక్యంలో చెప్పాలంటే: ఒరిగిన వైపే తిరగాలి.

పిల్లలకు ఈ సూత్రం నోటితో చెప్పలేం. ఒళ్లు నేర్చుకోవాల్సిందే. ఒళ్లు నేర్చుకోవాలంటే బండి ఒరగాలి. ఒరిగినప్పుడు ఆపుకోవడానికి పాదం నేలకు అందాలి. డ్రైస్ బండిలో ఆ రెండూ ఉన్నాయి.

పాదం నేలను వదిలిన రోజులు

1860లలో పారిస్‌లో ముందు చక్రానికే పెడళ్లు బిగించారు. గొలుసు లేదు కాబట్టి కాలు ఒక చుట్టు తిరిగితే చక్రం కూడా ఒకే చుట్టు. ఎక్కువ దూరం పోవాలంటే చక్రం పెద్దది కావాలి. అలా పెంచుకుంటూ పోయి ముందు చక్రాన్ని మనిషి భుజం ఎత్తుకు తెచ్చారు. 1871లో జేమ్స్ స్టార్లీ తెచ్చిన ‘ఏరియల్’ ఆ కాలపు పేరున్న బండి. దాని మీద కూర్చుంటే నేల ఎక్కడో ఉంటుంది. చిన్న రాయి తగిలినా మనిషి హ్యాండిల్ మీదుగా తలకిందులై పడేవాడు.

1885లో జేమ్స్ సోదరుడి కొడుకు జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ సైకిల్ తెచ్చాడు. వెనక చక్రానికి గొలుసు, దాదాపు సమానమైన చక్రాలు, నేలకు అందే కాళ్లు. దాన్ని ‘భద్రమైన సైకిల్’ అన్నారు. పాదం మళ్లీ నేలకు దగ్గరయ్యాకే సైకిల్ అందరిదీ అయింది.

ఈ కథ మన ఇళ్లలో ఇప్పటికీ నడుస్తోంది. “ఎదిగే పిల్లాడు కదా, ఇంకో రెండేళ్లు పనికొస్తుంది” అంటూ ఒక సైజు పెద్ద సైకిల్ కొంటాం. చొక్కా వదులైతే ఇబ్బంది లేదు, సైకిల్ అలా కాదు. వేలికొసలు కూడా నేలకు అందని పిల్లవాణ్ని దాని మీద కూర్చోబెట్టడమంటే 1871 నాటి బండి ఎక్కించడమే. మా తరం గంటకింత అని అద్దెకు తెచ్చిన పెద్ద సైకిల్‌ను బారు కిందుగా కాలు దూర్చి తొక్కి నేర్చుకుంది, నిజమే. వేరే దారి లేక నేర్చుకుంది. మోకాళ్ల మీది మచ్చలు అందుకు సాక్ష్యం. దాన్ని పద్ధతి అనుకోకూడదు.

పిల్లవాడి కోసం పుట్టిన టైరు

చక్రాల చరిత్రలో ఒక పెద్ద మలుపు పిల్లల బండి దగ్గరే వచ్చింది. ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో జాన్ బోయ్‌డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు ఉండేవాడు. రాళ్లు పరిచిన వీధుల్లో కొడుకు మూడు చక్రాల సైకిల్ గట్టి రబ్బరు చక్రాలతో గడగడలాడేది. డన్‌లప్ పలచని రబ్బరుతో గొట్టం చేసి, గుడ్డ చుట్టి, ఒక చెక్క చక్రానికి తొడిగి గాలి నింపాడు. పెరట్లో దాన్నీ సైకిల్ పాత చక్రాన్నీ దొర్లించి చూశాడు. పాత చక్రం మధ్యలోనే పడిపోయింది. గాలి చక్రం పెరడు దాటి గేటుకు తగిలి వెనక్కి ఎగిరింది. 1888లో ఆయన పేటెంటు పొందాడు. గాలి టైరు ఊహను 1845లోనే రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లండ్ వాడు నమోదు చేశాడని తర్వాత తేలింది. కానీ లోకం దాన్ని వాడటం మొదలుపెట్టింది ఆ పిల్లవాడి సైకిల్ తర్వాతే.

గట్టి చక్రం గులకరాయిని ఎక్కాలంటే బండినీ మనిషినీ కలిపి పైకెత్తాలి. గాలి టైరు ఆ రాయిని తనలోకి పొదువుకుని దాటేస్తుంది. పిల్లల బండ్లకు వచ్చే నురుగు టైర్లకు పంక్చర్ బెడద లేదు, నున్నటి గచ్చు మీద అవి చాలు. కంకర, మట్టి దారి ఉంటే గాలి టైరే తీసుకోవాలి.

రెండో జన్మ

సైకిల్ నేర్పడానికి చాలాకాలంగా మనకు తెలిసిన ఉపాయం వెనక రెండు పక్క చక్రాలు బిగించడం. అవి పిల్లవాణ్ని పడనివ్వవు. ఒరగనివ్వవు కూడా. మలుపులో ఒళ్లు లోపలికి ఒరగాల్సింది పోయి బయటికి తూలుతుంది. రెండేళ్లు అలా తొక్కాక వాటిని విప్పేస్తే, పిల్లవాడు పాత అలవాటు మరిచి కొత్తది నేర్చుకోవాలి. 1990ల చివర్లో జర్మనీలో చెక్కతో చేసిన చిన్న పరుగు బండ్లు మళ్లీ అమ్మకానికి వచ్చాయి. పెడల్ తొక్కడం ఎవరైనా ఒక పూటలో నేర్చుకుంటారు. కష్టమైనది నిలదొక్కుకోవడం. దాన్నే ముందు నేర్పాలన్నది వాటి వెనక ఉన్న ఆలోచన. పుట్టిన దేశంలోనే, పుట్టినప్పటి రూపంలోనే ఆ యంత్రం తిరిగొచ్చింది.

ఏ వయసుకు ఏది

తప్పటడుగుల పిల్లలకు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న మూడు చక్రాల చెక్క నడక బండి చాలు. పిల్ల నిలబడి తోస్తుంది, తన కాళ్ల బలమే బండి వేగం. మధ్యలో కూర్చోబెట్టే చక్రాల వాకర్ సంగతి వేరు. మెట్ల మీంచి దొర్లిన ప్రమాదాలు చూసి 2004లో కెనడా వాటి అమ్మకాన్నే నిషేధించింది.

నడక స్థిరపడ్డాక, రెండేళ్ల దగ్గర్లో, పెడళ్లు లేని సైకిల్. కొనేముందు పిల్లను గోడకు ఆనించి నిలబెట్టి, కాళ్ల మధ్య ఒక పుస్తకం పెట్టి, నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలవండి. సీటు దానికంటే రెండు మూడు సెంటీమీటర్లు తక్కువగా దిగాలి. అప్పుడు అరికాలు పూర్తిగా నేలకు ఆని, మోకాలు కొంచెం వంగుతుంది.

పెడల్ సైకిల్‌కు ఉజ్జాయింపుగా నాలుగేళ్లకు 14 లేదా 16 అంగుళాలు, ఏడేళ్లకు 20, పదేళ్లకు 24. ఈ అంకెల కంటే కాలి కొలతనే నమ్మండి. బరువు కూడా చూడాలి. డ్రైస్ బండి ఒక పెద్దమనిషి బరువులో మూడో వంతు. 15 కిలోల పిల్లవాడికి ఆ లెక్కన 5 కిలోలు. ఎనిమిది తొమ్మిది కిలోల ఇనుప సైకిల్ ఇస్తే, మనం మన బరువులో సగానికి పైగా ఉన్న బండిని ఈడ్చినట్టే. కొట్లో ఒంటి చేత్తో ఎత్తి చూడండి. బ్రేకును పిల్లవాడి చేత్తోనే నొక్కించి చూడండి.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నమోదైన చేతివృత్తుల వాళ్ల బొమ్మలకు మినహాయింపు ఉంది. ఎక్కి తిరిగే బొమ్మల మీద ఆ గుర్తు ఉందో లేదో చూసే కొనాలి.

బ్యాటరీ కారు ముచ్చటగా ఉంటుంది. 1926లో కార్ల తయారీదారు ఎత్తోరే బుగాటి తన చిన్న కొడుకు కోసం సగం సైజు విద్యుత్ కారు చేయించాడు. ముచ్చట ఆనాటిదే. కానీ అందులో కూర్చున్న పిల్లవాడు ఒరగడు, నెట్టడు. ఒంటికి కొత్తగా అబ్బేదేమీ ఉండదు. రెండింటిలో ఒకటే కొనగలిగితే కాళ్లతో నడిపే బండే కొనండి.

పదేళ్లు దాటాక

పెద్ద పిల్లలు అడిగేవి స్కేట్లు, స్కేట్‌బోర్డు, కాలితో తోసే స్కూటర్. 1863లో అమెరికాలో జేమ్స్ ప్లింప్టన్ చక్రాల ఇరుసుకూ పాదం పలకకూ మధ్య రబ్బరు దిమ్మ పెట్టాడు. పాదం ఒరిగితే ఆ రబ్బరు నొక్కుకుని చక్రాలు అటే తిరుగుతాయి. స్కేట్‌బోర్డు ఇరుసూ అదే పద్ధతి. ఇక్కడా ఒరిగిన వైపే తిరగడం. అందుకే చిన్నప్పుడు పెడళ్లు లేని సైకిల్ నడిపిన ఒంటికి ఇవి కొత్త కావు. ఈ విద్యలో మనవాళ్లూ తక్కువేం కాదు. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు.

స్కేట్ల మీద పడేవాడు చేతులు ముందుకు చాస్తాడు, మణికట్టు విరుగుతుంది. అందుకే మణికట్టు పట్టీలు కొనకుండా స్కేట్లు కొనకండి. హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ల పైన కూర్చోవాలి, గడ్డం పట్టీ కింద ఒక వేలు మాత్రమే దూరాలి. లోపలుండేది థర్మోకోల్ లాంటి నురుగు. తాను నలిగి తలను కాపాడటమే దాని పని. ఒకసారి గట్టిగా దెబ్బతింటే, పైకి బాగానే కనిపించినా దాని పని అయిపోయినట్టే. మార్చేయాలి.

పదో తరగతి పిల్లవాడి చేతికి స్కూటీ తాళాలు మాత్రం ఇవ్వకండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, మైనరు నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు.

చివరగా ఒక మాట. పెడళ్లు లేని సైకిల్ కోసం కొత్తగా డబ్బు పెట్టనక్కర్లేదు. అన్నయ్యో అక్కో తొక్కి వదిలేసిన 12 అంగుళాల సైకిల్ ఇంట్లో మూల పడి ఉంటే సందు చివరి సైకిల్ షాపుకు తీసుకెళ్లండి. పక్క చక్రాలు విప్పించండి, పెడళ్లు విప్పించండి. మీరే విప్పుకుంటే గుర్తుంచుకోండి, ఎడమ పెడల్ మర మామూలుకు తలకిందులు, కుడివైపు తిప్పితేనే వదులవుతుంది. అరికాళ్లు నేలకు ఆనేదాకా సీటు దించండి. బండ్లు తిరగని చోట, కొంచెం వాలు ఉన్న నేల మీద పాపను కూర్చోబెట్టి చెయ్యి వదిలేయండి. వెనక సీటు పట్టుకుని పరిగెత్తే పని మీకు ఉండదు.