ఏటికి ఈవైపు కల్లు, ఆవైపు కల్లు

ఏటిమీది పొందుగుల వంతెన దాటితే వాడపల్లి, తెలంగాణలోని నల్గొండ జిల్లా. ఇటు దాచేపల్లి మనిషి తాటికల్లుకు సాటి లేదంటాడు. అటువాడు ఈతకల్లు తాగి మాట్లాడమంటాడు. నల్గొండలో తాళ్లు లేవని కాదు, పంతానికి రెండు పక్షాలుండాలి కదా.

ఈ పంతం తేలకపోవడానికి కారణం పంచాంగంలో ఉంది. ఈతచెట్టుకు మొవ్వు దగ్గర మాను చెక్కుతారు, అది ఎక్కువగా చలికాలపు సరుకు. తాటికి గెల కొసను రోజూ పలచగా కోస్తారు, దాని జోరంతా ఎండలు ముదిరే రోజుల్లో. రెండు ముంతలూ పక్కపక్కన పెట్టి రుచి చూసే అవకాశం తక్కువ. పుష్యమాసంలో తాగినదాన్ని గుర్తు తెచ్చుకుని చైత్రంలో వాదించాలి. జ్ఞాపకంలో ఏ కల్లూ పులిసిపోదు.

పైగా కల్లు ప్రయాణానికి పనికిరాదు. చెట్టుమీద ముంతలో ఉండగానే పులియడం మొదలవుతుంది. పొద్దున తీపి, మధ్యాహ్నానికి ఘాటు, మర్నాటికి పులుపు. ముంత లోపల సున్నం పూస్తే పులుపెక్కక నీరాగా మిగులుతుంది గానీ, నీరా కోసం ఎవరూ పోట్లాడుకోరు. గోవా ఫెని బట్టీ సరుకు, సీసాలో నిలవుంటుంది. దానికి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన కల్లుకు గుర్తింపు ఇవ్వాలంటే అధికారి చెట్టు కిందికే రావాలి, అదీ పెందలాడే.

వంతెన దాటే సరుకు వేరే ఉంది. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలు ప్రభుత్వం చేతికి వెళ్లాక ధరలు పెరిగాయి, తెలిసిన బ్రాండ్లు కనపడకుండా పోయాయి. తెలంగాణ సీసాలు దొంగచాటుగా ఇటు రావడం, సరిహద్దు చెక్‌పోస్టుల్లో సంచులు విప్పించడం మామూలైంది. 2024 అక్టోబరు 16న మళ్లీ ప్రైవేటు దుకాణాలు తెరుచుకున్నాయి, 99 రూపాయల క్వార్టరు కూడా వచ్చింది. సీసా దగ్గర ఊరి పౌరుషం ఎవరికీ పొడుచుకురాలేదు, అందరూ ధరే చూశారు.

పల్నాటి పాటల్లో పంతం మరీ దగ్గరిది, గురజాలకూ మాచర్లకూ మధ్యది. కోడిపందెంలో ఓడి మాచర్లవాళ్లు ఏడేళ్లు వలసపోయిన కథను కార్తీకంలో కారంపూడిలో వీరవిద్యావంతులు పాడతారు. ఐదు రోజుల ఉత్సవంలో కోడిపోరుకే ఒక రోజు. పాట మొగ్గంతా మాచర్ల పక్షపు బ్రహ్మనాయుడి వైపే, తిట్లన్నీ గురజాల మంత్రి నాగమ్మకు. 1947 నాటి ‘పల్నాటి యుద్ధం’లో కన్నాంబను నాగమ్మగా చూసినవాళ్లు ఆవిడకే ఎక్కువ మార్కులేస్తే తప్పు పట్టలేం.

ఆ నాగమ్మ పుట్టిల్లు కరీంనగర్ వైపు ఆరవెల్లి అని ఒక కథనం ఉంది. అంటే ఏటికి అవతలి ఆడపడుచు. ఈతకల్లు పక్షంవాళ్లు ఇంకా ఈ సంగతి వాదనలోకి తెచ్చినట్టు లేదు.